ఇస్తిఖారా చేసి తొమ్మిది రాత్రులైంది, కల రాలేదు, మనసూ తేలలేదు. ఇప్పుడేం చేయాలి?

వ అలైకుం అస్సలాం సోదరీ.

మీరు చాలా వివరంగా రాశారు. నాకు అర్థమైనంత వరకు ముందు కుదించి చెప్తాను, తేడా ఉంటే సరిదిద్దండి. మీకొక సంబంధం వచ్చింది. అబ్బాయి ఉద్యోగం వేరే దేశంలో, పెళ్లయితే మీరు మీ ఉద్యోగం మానేసి వెళ్లాలి. ఒకసారి కలిసి మాట్లాడుకున్నారు, పెద్ద అభ్యంతరమేమీ కనిపించలేదు, కానీ "సరే" అనడానికి నోరు రావడం లేదు. తొమ్మిది రాత్రులుగా ఇషా (రాత్రి నమాజు) తర్వాత ఇస్తిఖారా నమాజు, అంటే తలపెట్టిన పనిలో మేలైనది ఇవ్వమని అల్లాహ్‌ను కోరే ప్రార్థన చేసి, ఎవరితోనూ మాట్లాడకుండా పడుకుంటున్నారు. కల మాత్రం రాలేదు. ఈలోపు మీ అమ్మగారికి కలలో బురద నీళ్లు కనిపించాయి. మీ ఖాలా (అమ్మ తోబుట్టువు) ఫోన్లో ఎవరికో డబ్బు కట్టి "ఇస్తిఖారా తీయిస్తే" వద్దని వచ్చిందట. శుక్రవారం లోపు జవాబు చెప్పాలి. కల రాలేదంటే అల్లాహ్ నాకు జవాబివ్వలేదనా, అమ్మకొచ్చిన కలే జవాబా, ఇంకెన్ని రోజులు చేయాలి, ఇవీ మీ ప్రశ్నలు.

సూటిగా చెప్తాను. కల రానక్కర్లేదు. మీ ఇస్తిఖారా మొదటి రాత్రే పూర్తయిపోయింది. ఇక మీరు చేయాల్సింది, అబ్బాయి గురించి బాగా విచారించి, తెలిసినవాళ్లను సలహా అడిగి, మీ బుద్ధికి ఏది సబబనిపిస్తే ఆ వైపు అడుగు వేయడం. ఆ అడుగు ముందుకు సాగడమో ఆగిపోవడమో అల్లాహ్ చూసుకుంటాడు, మీరు దుఆలో (వేడుకోలులో) అడిగిందే అది. అమ్మగారి కల జవాబు కాదు. ఖాలా చేయించింది అసలు ఇస్తిఖారానే కాదు.

నేను పద్దెనిమిదేళ్లుగా ఆడవాళ్లకు ఖుర్ఆన్, హదీసు (ప్రవక్త మాటలు, చేతల కథనాలు) పాఠాలు చెబుతున్నాను. పాఠం అయ్యాక అందరూ వెళ్లేదాకా ఆగి, చెప్పులేసుకుంటూ మెల్లగా "ఆపా, ఒక్క మాట" అని అడిగే ప్రశ్నల్లో సగానికి సగం ఇదే. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ఈ నమాజుకు ఆధారం సహీహ్ బుఖారీ అనే హదీసు సంకలనంలో ప్రవక్త సహచరుడు జాబిర్ బిన్ అబ్దుల్లాహ్ (ర) చెప్పిన హదీసు. ప్రవక్త (స) తమకు ఖుర్ఆన్ సూరా (అధ్యాయం) నేర్పినంత శ్రద్ధగా అన్ని విషయాల్లోనూ ఇస్తిఖారా నేర్పేవారని ఆయన అంటారు. మీలో ఎవరైనా ఒక పని తలపెడితే ఫర్జ్ (తప్పనిసరి) కాని రెండు రకాతులు (నమాజులోని ఆవృత్తులు) చదివి, ఆ తర్వాత ఈ దుఆ చేయాలి అని ఉంది. "అన్ని విషయాల్లోనూ" అన్న మాట చూడండి. మనం దీన్ని పెళ్లి సంబంధాలకీ పెద్ద పెద్ద మలుపులకీ మాత్రమే దాచిపెట్టుకున్నాం, ఏడాదికోసారి బయటికి తీస్తాం, అందుకే చేసేటప్పుడు చేతులు వణుకుతాయి.

దుఆ మీకు వచ్చే ఉంటుంది, అయినా చదివేవాళ్ల కోసం పూర్తిగా ఇస్తున్నాను. తెలుగు లిపిలో అరబీ శబ్దాలన్నీ సరిగ్గా పలకవు కాబట్టి బాగా చదవగలిగినవాళ్ల దగ్గర ఒకసారి విని సరిచేసుకోండి.

"అల్లాహుమ్మ ఇన్నీ అస్తఖీరుక బిఇల్మిక, వ అస్తఖ్దిరుక బిఖుద్రతిక, వ అస్అలుక మిన్ ఫద్లికల్ అజీమ్. ఫఇన్నక తఖ్దిరు వలా అఖ్దిరు, వ తఅలము వలా అఅలము, వ అంత అల్లాముల్ గుయూబ్. అల్లాహుమ్మ ఇన్ కుంత తఅలము అన్న హాజల్ అమ్ర ఖైరుల్లీ ఫీ దీనీ వ మఆషీ వ ఆఖిబతి అమ్రీ, ఫఖ్దుర్‌హు లీ, వ యస్సిర్‌హు లీ, సుమ్మ బారిక్ లీ ఫీహి. వ ఇన్ కుంత తఅలము అన్న హాజల్ అమ్ర షర్రుల్లీ ఫీ దీనీ వ మఆషీ వ ఆఖిబతి అమ్రీ, ఫస్రిఫ్‌హు అన్నీ, వస్రిఫ్నీ అన్హు, వఖ్దుర్ లియల్ ఖైర హైసు కాన, సుమ్మ అర్దినీ బిహి."

భావం ఇది: ఓ అల్లాహ్, నీకున్న జ్ఞానం ఆధారంగా నాకు మేలైనది కోరుతున్నాను, నీ శక్తితో నాకు శక్తినివ్వమంటున్నాను, నీ గొప్ప అనుగ్రహం అడుగుతున్నాను. నువ్వు చేయగలవు, నేను చేయలేను. నీకు తెలుసు, నాకు తెలియదు. కంటికి కనిపించనివన్నీ ఎరిగినవాడివి నువ్వు. ఓ అల్లాహ్, ఈ పని నా ధర్మానికీ, నా బతుకుకీ, నా వ్యవహారం చివరికీ మంచిదని నీకు తెలిస్తే దాన్ని నాకు రాసిపెట్టు, సులువు చెయ్యి, అందులో బర్కతు (శుభం) ఇవ్వు. చెడ్డదని నీకు తెలిస్తే దాన్ని నా నుంచి మళ్లించు, నన్ను దాని నుంచి మళ్లించు, మేలు ఎక్కడుంటే అది నాకు రాసిపెట్టు, ఆపై దానితో నన్ను తృప్తిపరచు.

ఇప్పుడు ఒక పని చేయండి. ఈ దుఆలో అల్లాహ్‌ను ఏమేం చేయమని అడిగామో వేళ్ల మీద లెక్కపెట్టండి. రాసిపెట్టు, సులువు చెయ్యి, బర్కతు ఇవ్వు. మళ్లించు, మళ్లించు, ఇంకోచోట ఉన్న మేలు రాసిపెట్టు, తృప్తిపరచు. "నాకు చూపించు" అని ఎక్కడైనా ఉందా? "కలలో చెప్పు", "తెల్లారేసరికి నా మనసుకు తెలియజెయ్యి" అని ఉందా? ఒక్క చోట కూడా లేదు. అంటే మీరు తొమ్మిది రాత్రులుగా దుఆలో అడిగింది ఒకటి, ఎదురుచూస్తున్నది ఇంకొకటి.

నేను కూడా ఇది చాలా ఆలస్యంగా గమనించాను. చిన్నప్పుడే కంఠతా పట్టించారు, అర్థం కూడా తెలుసు, కానీ ఒకరోజు పాఠంలో ఓ పదహారేళ్ల పిల్ల "ఇందులో కల మాట ఏది ఆపా?" అని అడిగేదాకా నాకు తట్టలేదు. ఆ రోజు పుస్తకం ముందు పెట్టుకుని చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను.

ఇంకో సంగతి. "చెడ్డదైతే దాన్ని నా నుంచి మళ్లించు" అని ఊరుకోకుండా "నన్ను దాని నుంచి మళ్లించు" అని కూడా ఎందుకు? పని తప్పిపోయినా మనసు దాని చుట్టూనే తిరుగుతుంటే బతుకు నరకమే కాబట్టి. తప్పిపోయిన సంబంధాన్ని తలుచుకుంటూ ఏళ్లు గడిపేవాళ్లను చూశాను, అందుకే ఈ ముక్క దగ్గరికి వచ్చేసరికి నా గొంతు ఆగుతుంది.

సరే, మరి జవాబు ఎలా వస్తుంది అంటారా. ఎక్కువగా జరిగేదాని రూపంలో వస్తుంది. నాకు బాగా నచ్చిన ఉదాహరణ ఒకటుంది. క్రీ.శ. 632లో ప్రవక్త (స) మరణించినప్పుడు మదీనాలో సమాధి తవ్వేవాళ్లు ఇద్దరున్నారు. ఒకాయన గోతి అడుగున ఖిబ్లా (మక్కా దిశ) వైపు పక్కగూడు తొలిచే 'లహ్ద్' పద్ధతిలో తవ్వేవారు, రెండో ఆయన నడిమధ్య గాడి తీసే పద్ధతిలో తవ్వేవారు. ఏది చేయాలో తేలలేదు. అంతకంటే సున్నితమైన నిర్ణయం ఇంకేముంటుంది చెప్పండి. అప్పుడు సహాబాలు (ప్రవక్త సహచరులు), మన ప్రభువును మేలు కోరదాం, ఇద్దరికీ కబురు పంపుదాం, ఎవరు ముందొస్తే వాళ్లచేత తవ్విద్దాం అన్నారు. లహ్ద్ తవ్వే ఆయన ముందొచ్చారు, లహ్దే తవ్వారు. ఇబ్నె మాజా హదీసు సంకలనంలో అనస్ (ర) నుంచి వచ్చిన రివాయతు (కథనం) ఇది. కల కోసం ఎవరూ పడుకోలేదు, ఇద్దరికీ మనుషుల్ని పంపించారు.

రెండో ఖలీఫా ఉమర్ (ర) సంగతి కూడా అలాంటిదే. హదీసులను రాయించి ఒక గ్రంథంగా చేయాలని ఆయన అనుకున్నారు, సహాబాలను సంప్రదిస్తే రాయించమనే అన్నారు. అయినా ఆయన నెల రోజులు ఇస్తిఖారా చేసి, చివరికి వద్దనుకున్నారు. ఎందుకో కారణం కూడా చెప్పారు: పూర్వపు జాతులు తాము రాసుకున్న పుస్తకాల మీద పడి అల్లాహ్ గ్రంథాన్ని వదిలేశాయి, ఆ పని నేను చేయను అని. నెల రోజులు ఆలోచించారు, అడిగారు, అల్లాహ్ ముందు నిలబడ్డారు, ఆఖరికి చేతిలో మిగిలింది ఒక కారణం. మంచి ఇస్తిఖారా తర్వాత సాధారణంగా మిగిలేది అదే.

మనసు ఎటు మొగ్గితే అటు వెళ్లాలా? దీని మీద పండితుల్లో భేదం ఉంది. ఇమాం నవవీ ఇస్తిఖారా తర్వాత మనసు దేనికి తెరుచుకుంటే అది చేయమన్నారు. ఇజ్జుద్దీన్ బిన్ అబ్దుస్సలాం ఏది కుదిరితే అది చేసేయవచ్చన్నారు, మనసు ప్రత్యేకంగా ఏదో చెప్పాలని షరతు పెట్టలేదు. ఇబ్నె హజర్ ఒక హెచ్చరిక చేశారు: నమాజుకు ముందు నుంచే బలంగా ఉన్న కోరికను పట్టుకుని అదే అల్లాహ్ జవాబు అనుకోకూడదు అని. నాకు ఈ హెచ్చరిక చాలా విలువైనదిగా కనిపిస్తుంది, ఎందుకంటే మనకు కావాల్సింది ముందే ఎంచుకుని ఇస్తిఖారా చేత సంతకం పెట్టించుకోవడం నేను నాలోనే చూసుకున్నాను.

మీ విషయంలో తిరకాసు ఏమిటంటే మనసు మొగ్గడం లేదు, గుబులుగా ఉంది. గుబులును ఎలా చదవాలన్నది నా సొంత పద్ధతి, ఫత్వా కాదు, అలాగే తీసుకోండి. "దేని గురించి గుబులు?" అని నన్ను నేనే అడుగుతాను. దానికి పేరు పెట్టగలిగితే, అంటే "ఆయన తన తల్లితో మాట్లాడిన తీరు నచ్చలేదు", "జీతం గురించి అడిగితే మాట మార్చారు" అన్నట్టు ఉంటే, అది పట్టించుకోవాల్సిన గుబులు, వెళ్లి తేల్చుకోవాలి. పేరు పెట్టలేకపోతే, ఊరికే మంచులా కమ్ముకుని ఉంటే, అది చాలాసార్లు కొత్తదంటే ఉండే భయం. కొత్త దేశం, కొత్త మనిషి, ఉద్యోగం పోవడం, ఇవన్నీ ఒకేసారి మీద పడితే టెన్షన్ రాకపోతేనే ఆశ్చర్యపోవాలి. ఖుర్ఆన్ రెండో సూరా 216వ ఆయతులో (వాక్యంలో) మీకు నచ్చనిది మీకు మేలు కావచ్చు, మీకు నచ్చినది మీకు కీడు కావచ్చు, అల్లాహ్‌కు తెలుసు, మీకు తెలియదు అని ఉంది కదా. ఆ ఆయతు యుద్ధం సందర్భంలోది, కానీ నచ్చడం, నచ్చకపోవడం ఒక్కటే కొలబద్ద కాదన్న మాట ఎక్కడైనా నిలబడుతుంది.

ఇప్పుడు విచారణ సంగతి. మీ పోస్టులో నాకు కలవరం కలిగించింది ఇదే: తొమ్మిది రాత్రుల నమాజు గురించి రాశారు, అబ్బాయి గురించి ఎవర్ని అడిగారో ఒక్క లైను లేదు. మూడో సూరా 159వ ఆయతులో ప్రవక్తకే ఏం ఆదేశం వచ్చిందో చూడండి: వాళ్లతో సంప్రదించు, నిర్ణయించుకున్నాక అల్లాహ్‌పై భారం వెయ్యి. ముందు మష్వరా, తర్వాత నిర్ణయం, ఆ తర్వాత తవక్కుల్. వహీ (దైవవాణి) వచ్చే మనిషికే సంప్రదించమని చెప్తే మనమెంత.

ఫాతిమా బిన్త్ ఖైస్ (ర) ఉదంతం ఇక్కడ బాగా సరిపోతుంది, సహీహ్ ముస్లిం అనే హదీసు సంకలనంలో ఉంది. ఆవిడకు ముఆవియా, అబూ జహ్మ్ అనే ఇద్దరి నుంచి సంబంధాలొచ్చాయి. ఆవిడ వెళ్లి ప్రవక్త (స)ను అడిగారు. ఆయన మొహమాటం లేకుండా చెప్పారు: అబూ జహ్మ్ భుజం మీది కర్ర దించడు (అంటే కొట్టే మనిషి), ముఆవియా దగ్గర డబ్బు లేదు, నువ్వు ఉసామాను చేసుకో. ఆవిడకు మొదట నచ్చలేదు, తర్వాత చేసుకున్నారు, అల్లాహ్ అందులో మేలు పెట్టాడని ఆవిడే చెప్పారు. మనిషి స్వభావం, ఆర్థిక స్థితి, ఈ రెండూ ఎంత సూటిగా మాట్లాడారో చూడండి. ఇలాంటప్పుడు ఉన్నదున్నట్టు చెప్పడం చాడీ కాదు, సంబంధం విషయంలో సలహా అడిగినప్పుడు లోపం చెప్పడం అనుమతించిన సందర్భాల్లో ఒకటని ఇమాం నవవీ స్పష్టంగా రాశారు. కాబట్టి "ఎందుకులే, గీబత్ (చాడీ) అవుతుంది" అని ఎవరైనా నోరు మూసుకుంటే ఈ మాట చెప్పండి.

నా దగ్గర చదువుకున్న ఒకమ్మాయి ఇలాగే మూడు వారాలు ఇస్తిఖారా చేసింది, అంతా హాయిగా ఉంది ఆపా, మనసు తేలిగ్గా ఉంది అంది. అబ్బాయి ఇంతకుముందు పనిచేసిన చోట ఎవరితోనైనా మాట్లాడారా అంటే లేదంది. ఒక్క ఫోను చేయించమన్నాను, అంతే. అంతకుముందే ఒక నిఖా, తలాకు అయిన సంగతి దాచారని ఆ ఫోనులో బయటపడింది. తలాకు కావడం తప్పేమీ కాదు, దాచడం తప్పు. ఆ అమ్మాయి ఏడుస్తూ "మరి నా ఇస్తిఖారాకు జవాబు రాలేదా?" అని అడిగింది. ఆ ఫోను ఎక్కడి నుంచి వచ్చిందనుకుంటున్నావు అన్నాను.

ఇక మీ అమ్మగారి కల. కలలు మూడు రకాలని హదీసులో ఉంది: అల్లాహ్ నుంచి వచ్చే శుభవార్త, షైతాను పెట్టే బెంగ, మనిషి తనలో తాను అనుకునేది. కూతురు దూరదేశం వెళ్లిపోతుందని పగలంతా బాధపడే తల్లికి రాత్రి బురద నీళ్లు కనిపించడంలో వింతేమీ లేదు. అమ్మను కించపరచకండి, కలను పక్కన పెట్టి, ఆ కల వెనకున్న భయం గురించి ఆవిడతో మాట్లాడండి. బహుశా ఆవిడ చెప్పలేని మాట "నువ్వు వెళ్లిపోతే నేనెలా ఉండాలి" అన్నది కావచ్చు. అది సబబైన మాటే, మష్వరాలో దానికి చోటుంది. అయితే దాన్ని అల్లాహ్ ఆజ్ఞగా మార్చకూడదు.

ఖాలా చేయించినదాని మీద కొంచెం గట్టిగానే చెప్పాలి. డబ్బు తీసుకుని, మీ పేరు, మీ తల్లి పేరు, పుట్టిన తేదీ అడిగి, గంటలో "వద్దని వచ్చింది" అని చెప్పే వ్యవహారానికి జాబిర్ (ర) హదీసుతో ఏ సంబంధమూ లేదు. తల్లి పేరుతో, పుట్టిన తేదీతో ఇస్తిఖారాకు పనేమిటి? ఇస్లాంకు ముందు అరబ్బులు బాణాలు తీసి శకునం చూసేవారు, ఐదో సూరా 3వ ఆయతు దాన్ని నిషేధించింది. ఇస్తిఖారా వచ్చిందే ఆ శకునాల స్థానంలో. మళ్లీ దాన్నే శకునంగా మార్చుకుంటే ఎలా? దాచిన సంగతులు చెప్తాననే జోస్యగాడి దగ్గరికి వెళ్లి అడిగితే 40 రోజుల నమాజు స్వీకరించబడదని సహీహ్ ముస్లిములో ఉంది. ఖాలా మీ మీద ప్రేమతోనే చేసి ఉంటారు, ఆవిడతో గొడవ పడకండి, కానీ ఆ మాటను నిర్ణయంలో లెక్కలోకి తీసుకోకండి. నమ్మకంగా, డబ్బు ప్రసక్తి లేకుండా వేరేవాళ్లు మన తరఫున చేయవచ్చా అంటే కొందరు పండితులు ఒప్పుకున్నారు. హదీసు మాత్రం పని తలపెట్టినవాణ్ణే చదవమంది, నేను అక్కడే ఆగుతాను. కళ్లు మూసుకుని ఖుర్ఆన్ తెరిచి వేలు పెట్టి చూడటం కూడా ఇందులో లేదు. షియా సంప్రదాయంలో తస్బీహ్‌తో (జపమాలతో), ఖుర్ఆన్‌తో చేసే పద్ధతులు వేరుగా ఉన్నాయి, ఇక్కడ నేను చెప్తున్నది సున్నీ పద్ధతి.

ఇదే సందర్భంలో ఇంకో దురలవాటు గురించి చెప్పి ముందుకెళ్తాను. సంబంధం నచ్చకపోతే "మాకు ఇస్తిఖారాలో రాలేదండీ" అని కబురు పంపడం. వినడానికి మర్యాదగా ఉంటుంది, కానీ అవతలి అమ్మాయికి అదెలా వినిపిస్తుందో తెలుసా? అల్లాహ్ నన్ను వద్దన్నాడు అని. నా ముందు కూర్చుని ఒకమ్మాయి సరిగ్గా ఈ మాటే అంది. నాలుగు చోట్ల అలా చెప్పారట. వద్దనుకుంటే మాకు కుదరలేదని చెప్పండి, అల్లాహ్ పేరును సాకుగా వాడకండి. దీనికి తలకిందులైనది ఇంకా ప్రమాదం: "ఇస్తిఖారాలో వచ్చింది, నువ్వు ఒప్పుకోవాల్సిందే" అని పిల్ల మీద ఒత్తిడి. ఖన్సా బిన్త్ ఖిదామ్ (ర)కు ఇష్టం లేకుండా తండ్రి పెళ్లి చేస్తే ప్రవక్త (స) ఆ నిఖాను రద్దు చేశారని బుఖారీలో ఉంది. ఎవరి ఇస్తిఖారా అయినా మీ అంగీకారానికి బదులు కాదు.

చేసే పద్ధతిలో మీరడిగిన చిన్న చిన్న సందేహాలు. రాత్రే చేయాలని లేదు, ఇషా తర్వాత మాట్లాడకూడదని లేదు, ఖిబ్లా వైపు తిరిగి పడుకోవాలని లేదు, తర్వాత పడుకోవాలనే లేదు. పొద్దున చేసుకుని ఆఫీసుకు వెళ్లొచ్చు. ఫజ్ర్ (తెల్లవారుజాము నమాజు) తర్వాత సూర్యుడు పైకొచ్చేదాకా, సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు, అస్ర్ (సాయంత్రపు నమాజు) తర్వాత పొద్దు గూకేదాకా నఫిల్ (ఐచ్ఛిక నమాజు) చదవకూడదు కాబట్టి ఆ వేళలు వదిలేయండి. మొదటి రకాతులో కాఫిరూన్, రెండో దాంట్లో ఇఖ్లాస్ చదవడం మంచిదని ఇమాం నవవీ అన్నారు, హదీసులో ఆ షరతు లేదు, మీకొచ్చిన సూరా చదవండి. సలాం తిప్పి నమాజు ముగించాక అల్లాహ్‌ను స్తుతించి, దురూద్ (ప్రవక్తపై దీవెన) చదివి, దుఆ చేయండి. నోటికి రాకపోతే కాగితం చూసి చదవచ్చు. "హాజల్ అమ్ర" (ఈ పని) అన్నచోట మీ పనిని మనసులో తలచుకోండి, లేదా దుఆ అయ్యాక మీ భాషలో విప్పి చెప్పుకోండి: ఫలానా సంబంధం, ఫలానా దేశం, నా ఉద్యోగం, అని. నెలసరి రోజుల్లో అయితే నమాజు లేకుండా దుఆ ఒక్కటీ చాలు. ఈ కారణంగా చాలామంది ఆడవాళ్లు వారం రోజులు ఆగి అవకాశం పోగొట్టుకుంటారు, ఆగాల్సిన పని లేదు.

ఏడుసార్లు చేయమనే రివాయతు ఒకటుంది, అది బలహీనమైనది. మళ్లీ మళ్లీ చేస్తే తప్పు లేదు, దుఆ ఎన్నిసార్లైనా చేయొచ్చు. కానీ ఎందుకు మళ్లీ చేస్తున్నారో చూసుకోండి. నాకు తెలిసిన ఒకావిడ ఇల్లు మారాలా వద్దా అని 40 రోజులు చేసింది, మధ్యలో ధ్యాస తప్పిందని మళ్లీ మొదలు, ఉచ్చారణ తప్పిందని మళ్లీ మొదలు. అది నిర్ణయాన్ని వాయిదా వేయడం కూడా కాదు, వుజూలోనూ (నమాజుకు ముందు కడుక్కోవడంలోనూ) నమాజులోనూ అదే ఇబ్బంది అని తర్వాత తెలిసింది. డాక్టరుకు చూపించుకున్నాక తేరుకుంది. ఇస్తిఖారా చేస్తే భారం దిగాలి. చేసిన కొద్దీ పెరుగుతుంటే సంగతి వేరే ఎక్కడో ఉంది.

ఇంకొకటి, "అన్ని విషయాల్లోనూ" అన్నా ఇస్తిఖారా అక్షరాలా అన్నిటికీ కాదు. తప్పనిసరి విధులకూ, హరాం (నిషిద్ధం) అయినవాటికీ ఇస్తిఖారా లేదు. ఐదు పూటలా నమాజు చదవాలా అని ఇస్తిఖారా చేయం కదా, వడ్డీ వ్యాపారంలో చేరనా అని కూడా చేయకూడదు. అనుమతించిన వాటిలో ఏది, ఎప్పుడు, ఎవరితో అన్నచోటే దీని పని. పైకి మంచిగా కనిపించేదానికి కూడా చేయొచ్చు. జైనబ్ బిన్త్ జహ్ష్ (ర)కు సాక్షాత్తూ ప్రవక్త (స) నుంచి పెళ్లి కబురు వస్తే, నా ప్రభువును సంప్రదించనిదే నేనేమీ చేయను అని తన నమాజు చోటికి వెళ్లి నిలబడ్డారు. ఈ ఘట్టం చదివినప్పుడల్లా ఆవిడ నిబ్బరానికి ముచ్చటేస్తుంది.

మీరు చివర్లో అడిగిన ప్రశ్న, "ఇస్తిఖారా చేసి ఒప్పుకున్నాక కష్టాలొస్తే?" అన్నది, అన్నిటికంటే నిజమైన ప్రశ్న. దీనికి నా దగ్గర అందమైన జవాబు లేదు, నా అనుభవం మాత్రం ఉంది. చాలా ఏళ్ల కిందట ఒక పాఠశాలలో చేరడానికి ఇస్తిఖారా చేశాను. పెద్దల్ని అడిగాను, అన్నీ చకచకా కుదిరాయి, ఇంతకంటే స్పష్టత ఏముంటుందనుకున్నాను. ఏడు నెలలు నరకం చూశాను. జీతం సరిగ్గా ఇవ్వలేదు, మాట మీద నిలబడలేదు, చివరికి మానేశాను. అప్పట్లో నా ఇస్తిఖారాలో ఏదో లోపం జరిగిందని తెగ వెతికాను. ఇప్పుడు ఆ దుఆ చదువుతుంటే తెలుస్తున్నది ఏమిటంటే, అందులో సుఖంగా ఉంటానన్న హామీ లేదు. ధర్మం ముందు, బతుకు తర్వాత, ఆఖరున ఏమవుతుందన్నది మూడోది. ఆ ఏడు నెలల వల్ల నాకు కలిగిన మేలేమిటో పూర్తిగా చెప్పమంటే ఇప్పటికీ చెప్పలేను. ఒకటి రెండు ఊహలున్నాయి, అవి ఊహలే. కానీ "అప్పుడు అలా చేయకుండా ఉండాల్సింది" అన్న బాధ మాత్రం లేదు, ఎందుకంటే నా చేతిలో ఉన్నంత వరకు విచారించాను, మిగతాది అప్పగించాను. "అర్దినీ బిహి" (దానితో నన్ను తృప్తిపరచు) అని ఆ దుఆ చివర ఎందుకుందో అక్కడే నాకు కాస్త అర్థమైంది.

ఇంకో చిన్న జాగ్రత్త: ఒప్పుకున్నాక వచ్చే ప్రతి అడ్డంకినీ "అల్లాహ్ మళ్లిస్తున్నాడు" అనుకోకండి. ఒక కాగితం తిరిగొచ్చిందనో, ఒక తేదీ కుదరలేదనో వెనక్కి తగ్గక్కర్లేదు, పనులన్నాక అలాంటివి ఉంటాయి. తలుపు నిజంగా మూసుకుంటే తెలుస్తుంది, మీరు తీయబోయినా తెరుచుకోదు. అలాగే నిఖాకు ముందు పెద్ద విషయం ఏదైనా బయటపడితే "ఇస్తిఖారా చేసి మాటిచ్చాను కదా" అని కట్టుబడి కూర్చోకండి. ఆ బయటపడటం కూడా మళ్లించడమే.

కాబట్టి శుక్రవారం లోపు మీరు చేయాల్సినవి. ఈ రాత్రి పడుకునే ముందు మీ గుబులుకు పేరు పెట్టడానికి ప్రయత్నించండి, కాగితం మీద రాయండి. రేపు మీ నాన్నగారో అన్నయ్యో అబ్బాయి పనిచేసేచోట ఒకరితోనూ, అక్కడ ఆయన వెళ్లే మసీదులో ఒకరితోనూ మాట్లాడాలి, ఇద్దరు చాలు, కానీ అబ్బాయి వాళ్లు ఇచ్చిన నంబర్లు కాకుండా చూడండి. ఆయన్ని మీరు స్వయంగా, ఇంట్లో పెద్దవాళ్లు ఉండగా, ఇంకోసారి అడగాల్సినవి: అక్కడ నేను ఉద్యోగం చేసుకోవచ్చా, మా అమ్మను చూడటానికి ఎన్నాళ్లకోసారి వస్తాను, అప్పులేమైనా ఉన్నాయా, కోపం వస్తే ఏం చేస్తారు. చివరి ప్రశ్నకు ఆయన ఏం చెప్పారన్నదాని కంటే ఎలా చెప్పారన్నది గమనించండి. శుక్రవారానికి ఇవన్నీ కాకపోతే ఇంకో వారం గడువు అడగండి. అడిగితే వాళ్లు ఎలా తీసుకున్నారన్నది కూడా మీకు ఉపయోగపడే సమాచారమే.

అన్నీ తెలిశాక, అవునో కాదో మీలో మీరు ఒకటి అనుకుని, అప్పుడు ఇంకొక్కసారి రెండు రకాతులు చదవండి. అది పదో రాత్రి లెక్క కాదు, ఈసారి "హాజల్ అమ్ర" అన్నప్పుడు దేని గురించి అడుగుతున్నారో మీకు స్పష్టంగా తెలుస్తుంది. ఆ తర్వాత ఫోను చేసి చెప్పేయండి. విచారణలో ఏదైనా తేడాగా అనిపించి తేల్చుకోలేకపోతే, పేర్లు లేకుండా ఇక్కడే రాయండి, చూస్తాను.